అంచెలంచెల కోఆర్డినేషన్, ఫాల్ట్ టాలరెన్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు వెంబడి పనిచేసే మన తెలుగువాళ్ళ ఆన్‌కాల్ (సిస్టం పాడైతే రాత్రైనా లేచి చూసే డ్యూటీ) గ్రూపుల్లో ఏడాది పొడుగునా ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తుంటాయి: వందలు, వేల సర్వర్లు కలిసి పనిచేసేచోట నిర్ణయాలను అంచెలుగా ఎలా పంచాలి (కోఆర్డినేషన్), కొన్ని పాడైనా మొత్తం ఆగకుండా ఎలా చూడాలి (ఫాల్ట్ టాలరెన్స్). కొత్తగా ప్లాట్‌ఫాం టీంలో పడ్డవాళ్ళు, ఇంటర్వ్యూకు చదువుకుంటున్నవాళ్ళు, రాత్రి పేజర్ మోగి టెన్షన్‌లో ఉన్నవాళ్ళు, ఎవరైనా సరే తమకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళొచ్చు. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకునేలా రాశాను కాబట్టి ఒకట్రెండు మాటలు రెండుసార్లు కనబడతాయి.

## మొదలుపెట్టే ముందు

మా కంపెనీలో మొత్తం 40 సర్వర్లే. మాకు ఈ అంచెలన్నీ అవసరమా?

అవసరం లేదు. మూడు మెషీన్ల మీద ఎట్‌సీడీ (క్లస్టర్ సమాచారాన్ని అన్ని కాపీల్లో ఒకేలా దాచే చిన్న డేటాబేస్), దాని మీద ఒక కుబర్నెటిస్ (ఏ ప్రోగ్రాం ఏ మెషీన్ మీద నడవాలో చూసే సాఫ్ట్‌వేర్) క్లస్టర్ చాలు. ఒక క్లస్టర్‌లో 5,000 నోడ్లు (మెషీన్లు), 1,50,000 పాడ్ల (వాటి మీద నడిచే ప్రోగ్రాం యూనిట్ల) వరకు పెట్టుకోవచ్చని కుబర్నెటిస్ వాళ్ళే హద్దు చెబుతున్నారు. 40 సర్వర్లకు రెండో అంచె గీశారంటే అది ఎవరి ప్రమోషన్ డాక్యుమెంట్ కోసమో అని అనుమానించొచ్చు.

ఒకే మాస్టర్ (మెషీన్లన్నిటికీ పని పంచే సర్వర్) అన్నీ చూసుకుంటే తప్పేంటి? మధ్యలో ఇంకొకరు దేనికి?

రెండు కారణాలు. మొదటిది లెక్క. 10,000 మెషీన్లు పది సెకన్లకోసారి హార్ట్‌బీట్ (బతికే ఉన్నానన్న కబురు) పంపితే సెకనుకు వెయ్యి మెసేజ్‌లు. అంతవరకు ఏ మాస్టర్ అయినా తట్టుకుంటుంది. ప్రతి మెసేజ్‌లో ఆ మెషీన్ మీద నడుస్తున్న పనులన్నిటి వివరమూ వస్తే మాత్రం మాస్టర్‌కు చదవడంతోనే సరిపోతుంది, నిర్ణయాలకు తీరిక ఉండదు. గూగుల్ తన మెషీన్లకు పనులు పంచడానికి వాడే బోర్గ్ గురించి 2015లో వచ్చిన పేపర్‌లో దీనికి చక్కటి ఉపాయం కనబడుతుంది. వాళ్ళ సెల్ (ఒక మాస్టర్ కింద ఉండే మెషీన్ల గుంపు) మామూలుగా 10,000 మెషీన్ల సైజులో ఉంటుంది. ఆ మెషీన్లకూ మాస్టర్‌కూ మధ్య లింక్ షార్డులు కూర్చుంటాయి. ఒక్కో షార్డు తన వాటా మెషీన్లను పలకరించి, పోయినసారికీ ఇప్పటికీ ఏం మారిందో అంతవరకే పైకి చెబుతుంది.

రెండోది నష్టం ఎంత దూరం పాకుతుందన్నది. ఒక్క మాస్టర్ కింద ఊరంతా ఉంటే ఒక్క తప్పు కాన్ఫిగ్‌తో ఊరంతా పోతుంది. సెల్‌లుగా విడగొడితే ఒక సెల్ పోతుంది. నా ఉద్దేశంలో మొదటి కారణం కన్నా ఇదే ముఖ్యం. మెసేజ్‌ల భారాన్ని పెద్ద మెషీన్ కొని కొంతకాలం నెట్టుకురావచ్చు, దీనికి ఆ వీలు లేదు.

గాసిప్ (మెషీన్లు తమలో తాము కబుర్లు చేరవేసుకునే పద్ధతి) పెట్టుకుంటే లీడరే అక్కర్లేదు కదా?

ఎవరు బతికున్నారు, ఎవరు లేరు అన్న కబురు పాకించడానికి గాసిప్ బాగా పనికొస్తుంది. 2002లో వచ్చిన స్విమ్ ప్రోటోకాల్ చేసేది అదే. కానీ "ఈ డేటాబేస్‌కు ప్రైమరీ ఎవరు?" (అంటే రాతలు తీసుకునే అసలు కాపీ ఏది) లాంటి ప్రశ్నకు ఒక్కటే జవాబు ఉండాలి. గాసిప్‌లో కాసేపు ఇద్దరికి రెండు జవాబులు వస్తాయి. అందుకే కన్సల్ (సర్వీసులు ఒకదాన్నొకటి కనుక్కోవడానికి వాడే సాఫ్ట్‌వేర్) రెండూ వాడుతుంది: సభ్యుల జాబితాకు గాసిప్, ఒక్క మాట మీద నిలబడాల్సిన చోట సర్వర్ల మధ్య రాఫ్ట్ (మెజారిటీ ఓటుతో లీడర్‌నూ రాతలనూ ఖాయం చేసే అల్గారిథం).

## డిజైన్ వేసేటప్పుడు

కోఆర్డినేషన్ సర్వర్లు 3 పెట్టాలా, 5 పెట్టాలా? 4 పెడితే ఇంకా సేఫ్ కదా?

4 వల్ల లాభం లేదు. మెజారిటీ లెక్కలో 3 ఉంటే ఒకటి పోయినా నడుస్తుంది. 4 ఉంటే మెజారిటీ 3 అవుతుంది కాబట్టి అప్పుడూ ఒకటే పోవచ్చు, పైగా పాడవడానికి ఇంకో మెషీన్ చేరినట్టు. 5 ఉంటే రెండు పోవచ్చు. ఒకదాన్ని అప్‌గ్రేడ్ కోసం ఆపినప్పుడే ఇంకొకటి పడిపోవడం మామూలే. ఆ రెండూ కలిసొచ్చినా నిలబడాలంటే 5 కావాలి. గూగుల్ చబ్బీ (లాక్ సర్వీసు) సెల్, బోర్గ్‌మాస్టర్ (బోర్గ్ సెల్‌కు మాస్టర్) రెండూ ఐదేసి కాపీలతో నడిచేవే. 7 దాటితే ప్రతి రాతకూ ఎక్కువమంది ఒప్పుకోలు కోసం ఆగాలి, స్పీడ్ పడిపోతుంది.

టీమంతా బెంగళూరులో ఉంది, సర్వర్లు ముంబైలో 2, హైదరాబాద్‌లో 1 పెడదామనుకుంటున్నాం. సరేనా?

రీజియన్ (ఒక ప్రాంతంలోని డేటా సెంటర్లన్నీ) మొత్తం పోయినా నిలబడాలన్నది మీ ఉద్దేశమైతే ఇది సగమే తీరుస్తుంది. హైదరాబాద్ పోతే నడుస్తుంది, ముంబై పోతే ఆగుతుంది. రెండు ఊళ్ళ మధ్య మెజారిటీని ఎలా పంచినా ఏదో ఒక ఊరి చేతిలో ఎక్కువ ఓట్లు ఉండక తప్పదు. మూడో చోటు కావాలి. అక్కడ డేటా లేకపోయినా ఓటుంటే చాలు.

అమెజాన్ క్లౌడ్‌కు మన దేశంలో ముంబై రీజియన్ 2016 నుంచి, హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరు నుంచి ఉన్నాయి. ఒక్కో రీజియన్‌లో మూడు అవైలబిలిటీ జోన్లు (ఒకటి పోయినా ఇంకొకటి పోకుండా విడిగా ఉంచిన డేటా సెంటర్లు). చాలా టీంలకు కోఆర్డినేషన్ పొరను ఒకే రీజియన్‌లోని మూడు జోన్లకు పంచి, రెండో రీజియన్‌కు డేటా కాపీ మాత్రం పంపడమే మేలు. ఫైబర్‌లో వెలుతురు వెయ్యి కిలోమీటర్లకు దాదాపు 5 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ముంబై, హైదరాబాద్ మధ్య గీత గీస్తే 600 కిలోమీటర్ల పైమాటే కాబట్టి, రానూపోనూ 6 మిల్లీసెకన్ల కన్నా తగ్గే మార్గం లేదు. నిజం కేబుల్ వంకరటింకరగా పోతుంది కనుక ఇంకా ఎక్కువే. ప్రతి రాతకూ ఆ పన్ను కట్టాలి.

పై అంచె పడిపోతే కింది అంచె ఏం చేయాలి? ఆగిపోవాలా, నడుస్తూ ఉండాలా?

ఈ పేజీలో ఒక్కటే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. అంచెల డిజైన్ బాగుందా లేదా అన్నది పైన ఎవరున్నారో చూస్తే తెలియదు. పైనుంచి మాట రానప్పుడు కింద ఏం జరగాలో ముందే రాసి పెట్టుకున్నారా అని చూడాలి.

బెంగళూరు–తిరుపతి ఆర్టీసీ బస్సు డ్రైవరుకు డిపోకు ఫోన్ కలవలేదనుకోండి. బస్సును నడిరోడ్డు మీద ఆపడు, ఉన్న టైంటేబుల్ ప్రకారం తిరుపతి చేరుస్తాడు. అలాగని కొత్తగా కడపకు స్పెషల్ సర్వీసు కూడా తనంతట తాను వేయడు. ఉన్న పని సాగాలి, కొత్త పెద్ద నిర్ణయం ఆగాలి. చాలా సిస్టంలకు ఈ సూత్రం సరిపోతుంది.

బోర్గ్‌లో ఇలాగే ఉంటుంది. బోర్గ్‌మాస్టర్ కాపీలన్నీ ఒకేసారి పోయినా, మెషీన్ల మీద ఉండే బోర్గ్‌లెట్లు నడుస్తున్న పనులను నడిపిస్తూనే ఉంటాయి. కుబర్నెటిస్‌లో కూడా కంట్రోల్ ప్లేన్ (నిర్ణయాలు తీసుకునే భాగం) పోతే పాడ్లు పోవు. కొత్త డిప్లాయ్‌మెంట్లు, స్కేలింగ్ ఆగుతాయి. అమెజాన్ వాళ్ళు దీన్ని స్టాటిక్ స్టెబిలిటీ అంటారు.

అయితే "ఎంతసేపు?" అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. 2019 జూన్ 2న గూగుల్ క్లౌడ్‌లో ఒక తప్పు కాన్ఫిగరేషన్ వల్ల మెయింటెనెన్స్ ఆటోమేషన్ పలు చోట్ల నెట్‌వర్క్ కంట్రోల్ ప్లేన్ జాబ్‌లను ఒకేసారి ఆపేసింది. కింది నెట్‌వర్క్ డిజైన్ ప్రకారమే కొన్ని నిమిషాలు పాత సమాచారంతో నడిచింది. ఆ తర్వాత రూట్లు (డేటా వెళ్ళే దారులు) వెనక్కి తీసుకోవడంతో కెపాసిటీ పడిపోయి గంటల తరబడి ఇబ్బంది పడ్డారు. కింది అంచె ఓపిక ఎంతసేపో, పై అంచెను మనుషులు లేపడానికి పట్టే టైం ఎంతో పక్కపక్కన రాసుకోండి. మొదటిది చిన్నదైతే డిజైన్ ఇంకా పూర్తి కానట్టే.

కింది అంచె లీడరుకు ఎంత అధికారం ఇవ్వాలి?

తన పరిధిలోనే చేసి, తన పరిధిలోనే వెనక్కి తీసుకోగలిగిన పనులన్నీ ఇచ్చేయండి. పడిపోయిన ప్రాసెస్‌ను మళ్ళీ లేపడం, పాడైన డిస్కును పక్కన పెట్టడం లాంటివాటికి పైకి వెళ్ళి అడగక్కర్లేదు. గూగుల్ ఫైల్ సిస్టంలో మాస్టర్ ఒక్కో చంక్‌కు (ఫైల్ ముక్కకు) ఒక ప్రైమరీని ఎంచి 60 సెకన్ల లీజు (గడువున్న అధికారం) ఇచ్చేది. ఆ చంక్‌కు రాతలు ఏ వరసలో పడాలో ఆ ప్రైమరీయే తేల్చేది. అధికారం కింద ఉంది కానీ గడువుతో ఉంది. గడువు లేకుండా ఇచ్చిన అధికారం వెనక్కి రాదు.

## హార్ట్‌బీట్, టైమౌట్, లీజు

హార్ట్‌బీట్ రాలేదంటే ఆ మెషీన్ చచ్చిపోయినట్టేగా?

కాదు. మీకు వినబడలేదు, అంతే. మెషీన్ పోయి ఉండొచ్చు, మధ్యలో స్విచ్ పోయి ఉండొచ్చు, జీసీ పాజ్‌లో (మెమరీ శుభ్రం చేసుకోవడానికి ప్రోగ్రాం కాసేపు ఆగడం) ఉండొచ్చు, మీ వైపు నెట్‌వర్క్ కార్డే మొరాయించి ఉండొచ్చు. మెసేజ్ రావడానికి పట్టే టైంకు హద్దు లేని చోట, నెమ్మదిగా ఉన్నవాడికీ పోయినవాడికీ తేడా చెప్పలేం. ఒక్క ప్రాసెస్ పోయే అవకాశం ఉన్నా, అలాంటి చోట ఏకాభిప్రాయం తప్పకుండా వస్తుందని హామీ ఇచ్చే అల్గారిథం ఉండదని ఫిషర్, లించ్, పాటర్సన్ 1985లో నిరూపించారు కూడా.

కాబట్టి "పోయాడు" అన్నది ఒక అంచనా. ఆ అంచనా తప్పినా కొంప మునగకుండా చూసుకోవడమే మన పని. కుబర్నెటిస్‌లో నోడ్ పది సెకన్లకోసారి తన లీజు రెన్యూ చేస్తుంది. చాలా వెర్షన్లలో 40 సెకన్లు కబురు లేకపోతే అనుమానపు ముద్ర వేస్తారు. మామూలు సెట్టింగ్‌లో ఇంకో 300 సెకన్లు ఆగాకే పాడ్లను ఖాళీ చేయిస్తారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఒక మెషీన్ పలకకపోతే ఆ మెషీన్‌ను అనుమానించాలి, సగం మెషీన్లు ఒకేసారి పలకకపోతే మనల్ని మనమే అనుమానించుకోవాలి. ఒక జోన్‌లో 55 శాతం నోడ్లు పలకకపోతే కుబర్నెటిస్ ఖాళీ చేయించే వేగం తగ్గిస్తుంది, ఏ జోన్‌లోనూ ఒక్క నోడూ పలకకపోతే పూర్తిగా ఆపేస్తుంది. బోర్గ్‌లోనూ పలకని మెషీన్ల పనులను వేరేచోట వేసే వేగానికి పరిమితి ఉంది. మీరు సొంతంగా కంట్రోలర్ (మెషీన్లను గమనించి చర్య తీసుకునే ప్రోగ్రాం) రాస్తే ఈ బ్రేకు మర్చిపోవద్దు.

టైమౌట్ ఎంత పెట్టాలి? ఒక నంబర్ చెప్పు అన్నా.

ఎట్‌సీడీలో మామూలుగా హార్ట్‌బీట్ 100 మిల్లీసెకన్లు, ఎలక్షన్ టైమౌట్ (ఇంతసేపు లీడర్ పలకకపోతే కొత్త ఎన్నిక) 1000. ఒకే రీజియన్‌లో ఉంటే వాటిని కదపకండి. దూరంగా ఉంటే హార్ట్‌బీట్‌ను సభ్యుల మధ్య రానూపోనూ టైం దగ్గర పెట్టి, ఎలక్షన్‌ను కనీసం దానికి పది రెట్లు పెట్టండి.

అంచెలున్నప్పుడు ఒక నియమం: పై అంచె టైమౌట్ కింది అంచె కోలుకునే టైం కన్నా పెద్దదిగా ఉండాలి. ర్యాక్ (సర్వర్లు పేర్చిన అలమర) లీడర్ మారడానికి 10 సెకన్లు పడుతుందనుకోండి. రీజియన్ కంట్రోలర్ 5 సెకన్లకే ఆ ర్యాక్ పోయిందని తేలిస్తే, రోజూ జరిగే చిన్న మార్పు కాస్తా ర్యాక్ మొత్తం తరలింపుగా మారుతుంది. టైమౌట్లలో కొంచెం ర్యాండమ్ కలపడం కూడా మర్చిపోవద్దు. రాఫ్ట్ పేపర్‌లో ఎలక్షన్ టైమౌట్‌ను 150 నుంచి 300 మిల్లీసెకన్ల మధ్య ర్యాండమ్‌గా ఎంచుకోమన్నది, అందరూ ఒకేసారి పోటీకి దిగి ఓట్లు చీల్చుకోకుండా ఉండటానికే.

లీజు పెట్టాం. అయినా ఇద్దరు లీడర్లు ఒకేసారి డేటాబేస్‌లో రాశారు. ఎలా సాధ్యం?

సెకన్ల వారీగా చూద్దాం. లీజు 15 సెకన్లు, పోటీలో ఉన్న సర్వర్లు "ఏ", "బీ".

02:10:00కి "ఏ" లీజు తీసుకుంది. 02:10:04కి "నేనే లీడర్నా?" అని చూసుకుంది, అవును. రాత పంపబోయేలోగా వర్చువల్ మెషీన్ 20 సెకన్లు స్తంభించింది. 02:10:15కి లీజు అయిపోయింది. "బీ" లీజు తీసుకుని 02:10:17కి రాసింది. 02:10:24కి "ఏ" నిద్రలేచింది. దాని లెక్కలో ఒక్క క్షణం కూడా గడవలేదు. చెక్ చేయడం అయిపోయింది కదా, తరువాతి లైను నడిచింది, రాత వెళ్ళిపోయింది.

"ఏ" కోడ్‌లో ఎన్ని చెక్‌లు పెట్టినా, చెక్‌కూ రాతకూ మధ్య పాజ్ రావొచ్చు. అందుకే కాపలా అవతలి గట్టున ఉండాలి. లీజు ఇచ్చిన ప్రతిసారీ పెరుగుతూ పోయే ఒక నంబరు ఇవ్వండి: "ఏ"కు 33, "బీ"కి 34. ప్రతి రాతతోపాటు ఆ నంబరు వెళ్ళాలి. 34ను చూసిన స్టోరేజ్ ఆ తర్వాత 33తో వచ్చినదాన్ని తిప్పికొట్టాలి. దీన్ని ఫెన్సింగ్ టోకెన్ అంటారు. చబ్బీలో 2006 నాటికే సీక్వెన్సర్ పేరుతో ఈ ఏర్పాటు ఉంది. కుబర్నెటిస్ క్లయింట్ గో లైబ్రరీలోని లీడర్ ఎలక్షన్ ఫెన్సింగ్‌కు హామీ ఇవ్వదని ఆ కోడ్ కామెంట్‌లోనే రాసి ఉంది. చాలామంది ఆ కామెంట్ చదవరు.

అవతల ఉన్నది నంబరు చూడలేని పాత సిస్టమైతే? పాత లీడర్‌ను నెట్‌వర్క్‌లోనో పవర్‌లోనో నిజంగా కట్ చేశాకే కొత్తదాన్ని లేపాలి.

అన్ని మెషీన్లలో ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా గడియారాలు సరిచేసే పద్ధతి) ఉంది. గడియారం టైం చూసి లీజు లెక్కపెట్టొచ్చా?

వద్దు. గోడ గడియారం (మెషీన్ చూపించే రోజు టైం) వెనక్కీ ముందుకీ దూకుతుంది. గడిచిన సెకన్లకు మోనోటానిక్ క్లాక్ (ఎప్పుడూ వెనక్కి వెళ్ళని గడియారం) వాడండి. గడియారాన్నే నమ్ముకుని కట్టిన గూగుల్ డేటాబేస్ స్పానర్‌కు జీపీఎస్, అటామిక్ క్లాకులు కావలసి వచ్చాయి. వాటితో కూడా 2012 పేపర్ ప్రకారం 1 నుంచి 7 మిల్లీసెకన్ల అనిశ్చితి ఉంటుంది, స్పానర్ దాన్ని లెక్కలోకి తీసుకుని ఆగుతుంది.

## రాత్రి పేజర్ మోగినప్పుడు

లీడర్ నిమిషానికోసారి మారుతోంది. నెట్‌వర్క్ టీంను లేపాలా?

ముందు డిస్క్ చూడండి. ఎట్‌సీడీ ప్రతి రాతనూ డిస్క్‌కు ఎక్కించాకే సరే అంటుంది. లాగ్‌లో "అప్లై రిక్వెస్ట్ టుక్ టూ లాంగ్" అన్న లైన్లు వరసగా పడుతుంటే, వాల్ ఎఫ్‌సింక్ టైం (లాగ్‌ను డిస్క్‌కు ఎక్కించడానికి పట్టే టైం) 99వ పర్సంటైల్ (నూటికి 99 సార్లు ఇంతలోపే అవుతుందన్న అంకె) 10 మిల్లీసెకన్లు దాటుతోందా చూడండి. అదే డిస్క్ మీద ఎవరో బ్యాకప్ నడుపుతూ ఉండటం తరచూ కనబడే కారణం. డిస్క్ బాగుంటే సీపీయూ థ్రాటిలింగ్ (ప్రాసెసర్ వాటాకు కోత), ఆ తర్వాతే నెట్‌వర్క్.

నెట్‌వర్క్ దాకా వెళ్తే "పింగ్ వస్తోంది" అన్న మాటతో ఊరుకోవద్దు, ప్రతి జతనూ రెండు వైపులా చూడండి. 2020 నవంబరులో క్లౌడ్‌ఫ్లేర్‌లో ఒక స్విచ్ సగం పనిచేసి సగం చేయలేదు. ఎట్‌సీడీలో ఒక సభ్యుడికి లీడర్ అందలేదు, మిగతావాళ్ళకు అందుతూనే ఉంది. దాంతో ఎలక్షన్లు మళ్ళీ మళ్ళీ జరిగాయి.

మూడు ఎట్‌సీడీ సభ్యుల్లో రెండు పోయాయి. మిగిలిన ఒక్కదానికి కొత్త సభ్యులను చేర్చొచ్చా?

కుదరదు. సభ్యులను చేర్చడానికీ మెజారిటీ కావాలి, అది మీ దగ్గర లేదు. ముందు ఊపిరి పీల్చుకోండి: కుబర్నెటిస్ అయితే నడుస్తున్న పాడ్లు నడుస్తూనే ఉంటాయి. పోయిన మెషీన్లలో ఒక్కటి డిస్క్‌తో సహా లేచే అవకాశం ఉంటే దాన్ని లేపడమే అన్నిటికన్నా మంచి దారి. అది కుదరకపోతే మిగిలినదాని డేటా డైరెక్టరీని కాపీ చేసుకుని, స్నాప్‌షాట్ నుంచి కొత్త క్లస్టర్‌గా రీస్టోర్ చేయండి. పాత రెండూ ఎప్పటికీ మళ్ళీ లేవకుండా చూసుకున్నాకే.

పై అంచె లేస్తోంది, రెండు నిమిషాల్లో మళ్ళీ పడిపోతోంది. ఏం చేయాలి?

కింద ఆగి ఉన్న వేల క్లయింట్లు ఒకేసారి మీద పడుతున్నాయి. గేటు మూసి కొద్దికొద్దిగా వదలండి: ఒక సెల్, అది నిలదొక్కుకున్నాక ఇంకో సెల్. 2021 అక్టోబరులో రోబ్లాక్స్ అనే ఆన్‌లైన్ గేమ్ కన్సల్ సమస్యతో 73 గంటలు ఆగిపోయింది. తిరిగి లేచేటప్పుడు వాళ్ళు కూడా ఆటగాళ్ళను విడతలుగానే లోపలికి రానిచ్చారు. క్లయింట్లలో ఎక్స్‌పొనెన్షియల్ బ్యాకాఫ్ (మళ్ళీ ప్రయత్నించే ముందు ప్రతిసారీ రెట్లు పెంచుతూ ఆగడం), జిట్టర్ (ఆ ఆగే టైంలో కొంచెం ర్యాండమ్) ఉన్నాయో లేదో తెలుసుకోవాల్సింది పగటిపూట. రాత్రి రెండింటికి కాదు.

గిట్‌హబ్‌లో నెట్‌వర్క్ నిమిషం కూడా పోలేదు, బాగుచేయడానికి రోజంతా ఎందుకు పట్టింది?

ఆ నిమిషంలో ఆటోమేషన్ తీసుకున్న నిర్ణయం వల్ల. 2018 అక్టోబరు 21న గిట్‌హబ్‌లో అమెరికా తూర్పు తీరం సైట్ల మధ్య లింకు 43 సెకన్లు పోయింది. ఆ కాస్త సేపట్లోనే ఆర్కెస్ట్రేటర్ (ప్రైమరీ పోతే ఇంకొకదాన్ని ఎంచే సాఫ్ట్‌వేర్) డేటాబేస్ ప్రైమరీలను పశ్చిమ తీరానికి మార్చింది. లింకు వచ్చేసరికి అక్కడున్న కొన్ని రాతలు ఇక్కడ లేవు, ఇక్కడున్నవి అక్కడ లేవు. సర్దుబాటుకు 24 గంటల 11 నిమిషాలు పట్టింది. దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి ప్రైమరీని మార్చే నిర్ణయం పూర్తిగా ఆటోమేషన్ చేతిలో పెట్టకూడదన్నది నా అభిప్రాయం. జోన్ లోపల ఆటోమేటిక్, రీజియన్ దాటితే మనిషి బటన్ నొక్కాలి.

## పరీక్షించడం, నేర్చుకోవడం

లీడర్ మీద కిల్ మైనస్ 9 (ప్రాసెస్‌ను ఉన్నపళంగా చంపే కమాండ్) కొట్టి చూశాం, ఫెయిలోవర్ (ఇంకొకరు లీడర్ కావడం) బాగానే అయింది. ఇంకేం పరీక్షించాలి?

శుభ్రంగా చావడం అన్నిటికన్నా తేలిక పరీక్ష. సిగ్‌స్టాప్ (ప్రాసెస్‌ను స్తంభింపజేసే సిగ్నల్) పంపి లీడర్‌ను 30 సెకన్లు బిగబట్టి వదలండి, పాత లీడర్ లేచి ఏం రాస్తుందో చూడండి. ఐపీటేబుల్స్‌తో (లైనక్స్ ఫైర్‌వాల్) ఒక వైపు ట్రాఫిక్ మాత్రమే ఆపండి. డిస్క్‌ను నెమ్మదింపజేయండి. చివరికి పై అంచెను మొత్తం గంటసేపు ఆపండి. గూగుల్‌లో గ్లోబల్ చబ్బీ మరీ బాగా నడవడంతో, అది ఎప్పటికీ పడదన్నట్టు టీంలు దాని మీద ఆధారపడిపోయాయట. దాంతో ఆ క్వార్టర్‌లో అసలు అంతరాయాలు పెద్దగా లేకపోతే వాళ్ళే కావాలని కాసేపు ఆపేవారు.

సూపర్ కంప్యూటర్లలోనూ ఇదే పద్ధతా?

అంచెలు అవే, ధోరణి వేరు. మన ఐఐఎస్‌సీలో 2022లో పెట్టిన 3.3 పెటాఫ్లాప్స్ పరమ్ ప్రవేగ లాంటి మెషీన్ల మీద వందల నోడ్లు కలిసి ఒకే లెక్క చేస్తాయి. మామూలు ఎంపీఐ (నోడ్ల మధ్య మెసేజ్‌లు పంపే ప్రమాణం) జాబ్‌లో ఒక నోడ్ పోతే జాబ్ మొత్తం పోతుంది. అందుకే అక్కడ చెక్‌పాయింట్ (లెక్క ఎంతవరకు వచ్చిందో అప్పుడప్పుడు దాచడం) ప్రాణం. స్లర్మ్‌లో (సూపర్ కంప్యూటర్లలో పనులు పంచే సాఫ్ట్‌వేర్) పైన ఒక కంట్రోలర్, దానికి బ్యాకప్ ఉంటాయి. మెసేజ్‌లు ఒక నోడ్ నుంచి ఇంకొన్ని నోడ్లకు చెట్టులా పాకుతాయి, కాబట్టి కంట్రోలర్ అందరినీ తానే పలకరించక్కర్లేదు.

ఇంటర్వ్యూలో బైజాంటైన్ ఫాల్ట్స్ (సభ్యులు అబద్ధాలు చెప్పే రకం లోపాలు) అడుగుతున్నారు. ఎంతవరకు చదవాలి?

అబద్ధం చెప్పే సభ్యులు ఒక్కరుంటే కనీసం నలుగురు, ఇద్దరుంటే ఏడుగురు కావాలన్న లెక్క, 1982 నాటి లాంపోర్ట్, షోస్టాక్, పీస్ ఫలితం తెలిస్తే చాలు. కంపెనీ లోపలి సిస్టంలలో రాఫ్ట్, అలాంటిదే అయిన పాక్సోస్ ఊహించేది సభ్యులు ఆగిపోతారనే కానీ అబద్ధాలాడతారని కాదు. ఆ టైంను ఫెన్సింగ్ మీద పెట్టండి, అడిగేవాళ్ళు తక్కువైనా ఉద్యోగంలో పనికొచ్చేది అదే.

పీజీ రూంలో ల్యాప్‌టాప్ మీద ఇదంతా ప్రాక్టీస్ చేయొచ్చా?

8 జీబీ ర్యామ్ ఉన్నా సరిపోతుంది. ఒకే లైనక్స్ మెషీన్ మీద మూడు వేర్వేరు పోర్టుల్లో మూడు ఎట్‌సీడీ ప్రాసెస్‌లు లేపండి. లీడర్ ఎవరో ఎండ్‌పాయింట్ స్టేటస్‌లో చూసి, దానికి సిగ్‌స్టాప్ పంపండి. టర్మ్ నంబరు (ఎన్నో ఎన్నికో చెప్పే అంకె) ఎలా పెరుగుతుందో గమనించి, సిగ్‌కంట్‌తో (మళ్ళీ నడిపించే సిగ్నల్) వదిలేయండి. పాత లీడర్ కొత్త టర్మ్ చూడగానే తలవంచి ఫాలోవర్ అయిపోతుంది. ఆ తర్వాత టీసీ నెటెమ్‌తో (నెట్‌వర్క్‌ను కావాలని నెమ్మదించే లైనక్స్ పనిముట్టు) 200 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టి మళ్ళీ చూడండి. అది లూప్‌బ్యాక్ (మెషీన్ తనతో తాను మాట్లాడుకునే నెట్‌వర్క్) మీద పెడితే ల్యాప్‌టాప్‌లోని మిగతా లోకల్ సర్వీసులు కూడా నెమ్మదిస్తాయి, అయిపోయాక ఆ రూల్ తీసేయడం మర్చిపోకండి.